పుక్కిట పట్టిన మాట

"వేసుకో," అంటూ భర్త పొగాకు పొట్లం తెచ్చి కుట్టుమిషను మీద పెట్టాడు.

ఆమె పళ్ళ మధ్య ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా బిగించుకుని అద్దం ముందు కూర్చుని ఉంది. ఒక్కొక్కటే బయటికి తీసి, మూతి తుడుచుకుంది. దవడ సలుపుతోంది.

"ఏంటిది?"

"కళ్ళు కూడా పోయాయా? నీ పాత నేస్తం."

"మానేశాగా! దీంతో బిగుసుకుపోయి నోరు రెండు వేళ్ళు కూడా పట్టడం లేదని, రోజూ ఈ పుల్లలతో సాగదీయమని డాక్టరమ్మ అన్నప్పుడు మీరూ నా పక్కనే ఉన్నారు."

"డాక్టర్లు అలాగే బెదిరిస్తారు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అమ్మ నవుల్తూనే ఉంది. గుండ్రాయిలా లేదూ?"

గుండ్రాయిలాంటి అత్తగారు మూల కుర్చీలో కూర్చుని ఉంది, ఎడమ బుగ్గ ఉబ్బెత్తుగా. "ఊఁ," అంది. ఎవరేం చెప్పినా ఆవిడ జవాబు అదొక్కటే. అందులోంచి ఎవరికి కావలసిన అర్థం వాళ్ళు తీసుకునేవారు.

"అసలు సంగతి చెప్పండి. ఉన్నట్టుండి నా మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందేం?"

భర్త గొంతు తగ్గించాడు. "అన్నయ్య వస్తున్నాడు. రంగుల కొట్లో చోటు చాలట్లేదట. డబ్బాలన్నీ ఈ ముందుగదిలో పెట్టుకుంటానన్నాడు. నీ మిషను వెనక వసారాలో వేసుకుందువుగాని."

"ఆ చీకట్లో సూదికి బెజ్జమెక్కడుందో కూడా కనపడదు. నేనివ్వను."

"అదిగో, అదే నేననేది! పొగాకు మానినప్పట్నుంచీ నీకు నోరు లేచింది. అది బుగ్గనున్నన్నాళ్ళూ ఇల్లెంత ప్రశాంతంగా ఉండేదీ! అన్నయ్య ముందు నా పరువు తీయకు. ఈ ఒక్కపూటకీ వేసుకో."

ఆమె పొట్లం వంక చూసింది. వాసనకే నోట్లో నీళ్ళూరాయి. నాలుక తనంతట తానే పాత చోటు వెతుక్కుంటూ బుగ్గలోకి పోయింది. అక్కడ చర్మం ఇంకా తోలులా గట్టిగానే ఉంది. కారం తగిలితే చాలు, ఇప్పటికీ భగ్గుమంటుంది. ఆమె మిషను చక్రాన్ని గట్టిగా పట్టుకుంది.

"బిగిసిపోయిన కుట్టును ఒక్కసారి లాగితే గుడ్డ చిరుగుతుందండీ. ఒక్కో పోగూ విప్పాలి. నా నోరు నేనలా విప్పుకుంటున్నాను. మళ్ళీ కుట్టేసుకోమంటున్నారా?"

బయట స్కూటరు ఆగింది. భర్త గుమ్మం వైపు పరుగెత్తాడు. ఆమె పొట్లం తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది.

తిరిగొచ్చేటప్పుడు చేతిలో స్టీలు గ్లాసు ఉంది. కుడి బుగ్గ ఉబ్బి ఉంది. పెదాలు బిగించుకుని మిషను ముందు కూర్చుంది. భర్త హమ్మయ్య అనుకుని, లోపలికొచ్చిన అన్నకు కన్నుగీటాడు.

"ఏమ్మా, కులాసాయేనా?" అన్నాడు బావగారు.

ఆమె తలూపింది.

"ఆహా! ఈ ఇంట్లో ఫాను చప్పుడు విని ఎన్నాళ్ళైందిరా తమ్ముడూ!"

ఆయన మిషను మీదున్న ఆమె టేపే తీసుకుని గోడ కొలిచాడు. "డబ్బాలు ఇటు, డ్రమ్ములు అటు. ఎండ తగలకూడదు, ఆ కిటికీకి రేకు కొట్టించేద్దాం."

ఆమె కుడి బుగ్గ తగ్గి, ఎడమ బుగ్గ ఉబ్బింది.

"అయినా వసారాలో మాత్రం ఆ మిషనెందుకురా? దుమ్ము పట్టిపోతుంది. అమ్మేస్తే పోలా?"

"నేనూ అదే అనుకుంటున్నా అన్నయ్యా."

"అమ్మా, నీకిష్టమేగా?"

"ఊఁ," అంది అత్తగారు.

"అమ్మ ఊఁ అనేసింది. నువ్వేమంటావమ్మా? పోనీలే, మౌనం అర్ధాంగీకారం. మిగతా సగం మా తమ్ముడిస్తాడు." తన జోకుకి తనే పగలబడి నవ్వాడు.

ఆమె లేచింది. గుమ్మం పక్కనున్న సింకులోకి వంగి ఉమ్మింది. తెల్లటి పింగాణీ మీద తేటనీళ్ళు జారిపోయాయి. మరక లేదు, వాసనా లేదు.

"ఉప్పునీళ్ళు," అంది. "గోరువెచ్చగా పుక్కిట పట్టి బుగ్గలు సాగదీయాలి. మధ్యలో మాట్లాడకూడదు, అందుకే ఇంతసేపూ ఊరుకున్నా. ఇప్పుడు వినండి బావగారూ. గది ఇవ్వను. మిషను అమ్మను. నా టేపు అక్కడ పెట్టండి."

"పొట్లం ఏం చేశావ్?" అన్నాడు భర్త, తెల్లబోయి.

"చెత్తబుట్టలో ఉంది, పొద్దుటి టీపొడి కింద. కావాలంటే ఏరుకోండి."

బావగారి మొహం కందగడ్డయింది. "ఇంటికి పెద్దది అమ్మ. అమ్మ ఊఁ అన్నాక మధ్యలో నీ పెత్తనమేంటి? అమ్మా, నువ్వే చెప్పు నీ కోడలికి!"

అత్తగారు కుర్చీలోంచి లేచింది. గోడ పట్టుకుంటూ సింకు దాకా వచ్చింది. కోడలు పక్కకు జరిగింది. ఆవిడ వంగి, బుగ్గనున్నదంతా నల్లగా ఉమ్మేసింది. మిషను మీది గ్లాసు అందుకుని, మిగిలిన ఉప్పునీళ్ళతో పుక్కిలించింది. మంటకి కళ్ళు గట్టిగా మూసుకుంది కానీ గ్లాసు మాత్రం కింద పెట్టలేదు. కొడుకులిద్దరూ ఆవిడ నోటి వంకే చూస్తున్నారు. అమ్మ గొంతు ఎలా ఉంటుందో వాళ్ళకు సరిగా గుర్తు లేదు.

"ఇల్లు నాది," అంది అత్తగారు. మాట పళ్ళ సందులోంచి సన్నగా, ఒరుసుకుంటూ వచ్చింది. "టేపు పిల్లకిచ్చి, నువ్వు నీ కొట్టుకి పో."

తరవాత కోడలి వైపు తిరిగి చెయ్యి చాచింది.

"ఆ పుల్లలు నాక్కూడా ఓ రెండు ఇవ్వవే. నాకు ఒక్క వేలే పడుతోంది."