పాస్టరమ్మగారి సామాను

“రోలు రాదు. ఇందాకే చెప్పాను,” అన్నాడు దేవసహాయం.

“వస్తుంది,” అంది కృపావతి. “బట్టల కావడిపెట్టె కూడా వస్తుంది. పట్టెమంచం, బిందెల బల్ల, అన్నీ వస్తాయి. అక్కడ కూడా ఇదే వరసలో పెట్టుకుంటాను.”

పొద్దుట కాఫీల దగ్గర మొదలైన వాదన భోజనాలయ్యాక కూడా తెమల్లేదు.

దేవసహాయం గుడ్లవల్లేరు సంఘానికి పాస్టరు. నాగాయలంక అవతల ఉన్న లంక గ్రామాలకి వెళ్ళమని మిషన్ దొరగారు కబురు పంపారు. అక్కడ గుడి లేదు, బడి లేదు. మంచాన పడ్డవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేసే మనిషి లేడు. ఆ ఊళ్ళవాళ్ళు పడవలెక్కి, బస్సులెక్కి వచ్చి మరీ అడిగి వెళ్ళారు. ఆ పిలుపు కోసం దేవసహాయం పెళ్ళికి ముందు నుంచీ ప్రార్థిస్తున్నాడు.

నాగాయలంక దాకా బస్సు. అక్కణ్ణుంచి నాటుపడవ. మనిషికో మూట చాలన్నాడు. మిగతా సామాను ఎవరికి ఏది ఇస్తాడో ఆదివారం వీడ్కోలు కూడికలోనే చెప్పేశాడు. ఊరు మారినప్పుడల్లా పాస్టర్లు చేసే పనే అది. ఇదివరకు కృపావతి కూడా నవ్వుతూ ఇచ్చేసేది. ఈసారే పట్టు పట్టింది.

“శిష్యుల్ని పంపేటప్పుడు ప్రభువు సంచి కూడా వద్దన్నాడు,” అన్నాడు దేవసహాయం.

“వాళ్ళకి పచ్చళ్ళు నూరే పని లేదు.”

“పేతురు అత్తగారు నూరి పెట్టి ఉంటుందిలే,” అంది సువార్తమ్మ, చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ. “అత్తగార్లు ఉన్నది అందుకేగా.”

ఆమె దేవసహాయం తల్లి. రాళ్ళేరే పని నిరుటి నుంచి ఆమె మీదే పడింది. పాస్టరు పెళ్ళానికి అది నామోషీ అయిందని ఆవిడ అనుమానం.

సంఘంలోనూ అదే మాట. పాస్టరమ్మగారు దారిలో ఎదురైనా పలకరించడం మానేశారట. ఆదివారం గుడికి కూతురి చెయ్యి పట్టుకుని దొరసానిలా నడిచొస్తారట. ఈ మాటలు దేవసహాయం చెవిన పడుతూనే ఉన్నాయి. పడనట్టు ఊరుకున్నాడు.

కూతురు సరోజ కావడిపెట్టెని గది మధ్యకి లాగింది. వంటింట్లోంచి వస్తున్న కృపావతి మోకాలు దానికి కొట్టుకుని తూలింది.

“ఎవరు జరపమన్నారే దీన్ని?”

“ఖాళీ చెయ్యొద్దూ? నాన్న ఇది బుల్లెమ్మత్తకి ఇస్తానన్నాడుగా. బండి పంపిస్తానంది.”

“ముందు ఎక్కడుండేదో అక్కడికి నెట్టు.”

సరోజ మూతి ముడుచుకుంది. “ఈ ఇంట్లో చెంబు జానెడు జరిగితే చాలు నానమ్మా, అమ్మకి ప్రాణం మీదకొస్తుంది.”

కృపావతి పెట్టె మూత మీద చెయ్యి వేసి నిలబడింది. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది. “పోనీ అక్కడ ఇల్లెలా ఉంటుందో చెప్పండి. వంటిల్లు ఏ వైపు? గుమ్మానికి మెట్లున్నాయా? నుయ్యి ఎంత దూరం?”

“నేను చూస్తేగా. తాటాకు పాక అన్నారు. ఎలా ఉంటే ఏం?”

“ఎలా ఉంటే ఏం,” అని తనూ అంది. అని పెట్టె మీదే కూర్చుండిపోయింది.

దేవసహాయానికి కోపం పోయి దిగులు పట్టుకుంది. దగ్గరగా వచ్చాడు.

“కృపా, నిజం చెప్పు. నీకు రావడం ఇష్టం లేదా? లేకపోతే ఇవాళే దొరగారికి చెప్పేస్తాను. లంకలవాళ్ళకి ఇంకొకరు దొరికితే దొరుకుతారు, లేకపోతే లేదు. నిన్ను ఏడిపించి నేను సేవ చెయ్యలేను.”

ఆమెకి కావలసింది ఆ మాటే అయితే మొహం విప్పారాలి. పాలిపోయింది.

“మానకండి,” అంది.

“అయితే సామాను వదిలెయ్.”

“వదల్లేను.”

“వెళ్ళమంటావు, వదలనంటావు. నన్నేం చెయ్యమంటావు?”

సువార్తమ్మ చేట కింద పెట్టింది.

“సామాను కోసం దేవుడి పని మానుకున్నాడని పేరొస్తుందమ్మా నా కొడుక్కి,” అంది. ఈసారి ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

సాయంత్రం కుటుంబ ప్రార్థనకి చాప పరిచారు. దేవసహాయం మోకాళ్ళూని మొదలుపెట్టాడు. లంకలవాళ్ళ పేరు ఎత్తేసరికి మాట ఆగిపోయింది. కూడదీసుకోవాలని చూశాడు. రాలేదు. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. సరోజ ముక్కు ఎగబీల్చుకుంది.

చివరికి అతనే లేచాడు.

“సరోజా, కలం, కాగితం తే అమ్మా. రావడం లేదని దొరగారికి రాసేస్తాను.”

సరోజ తల్లి వైపు చూసింది. సువార్తమ్మ కూడా చూసింది. కృపావతి మోకాళ్ళ మీద నుంచి లేవలేదు.

“రాయకండి, రేపు ఈ సామానంతా బుల్లెమ్మ వాళ్ళకి ఇచ్చేసి, నన్ను బందర్లో మా అన్నయ్య ఇంట దింపి, మీ ముగ్గురూ లంకలకి వెళ్ళండి,” అంది ముగ్గురికీ వినబడేలా, నెమ్మదిగా, “కొత్త ఇల్లు ఇక నా వల్ల కాదు, ఏ వస్తువు ఎక్కడుందో చేతులకి తెలిసిన ఈ ఇల్లు గనక ఏడాదిగా చూపు లేకుండానే నెట్టుకొచ్చాను.”