అరటిపండు పోగులు

గాజు గ్లాసులో తెల్లని పోగులు పైకి తేలాయి.

"టీచర్, వచ్చింది! డీఎన్‌ఏ!" మల్లిక గంతులేసింది.

చిదిమిన అరటిపండు, ఉప్పు, గిన్నెల సబ్బు నీళ్లు, పైన చల్లటి స్పిరిట్. అంతే.

ఆ మాట చెవిన పడగానే వరండాలో కూర్చున్న జంగమ్మ గడప దగ్గరికి వచ్చింది. కూతురు పెంటమ్మ కనబడకుండా పోయినప్పటి నుంచి, మనవరాలు మల్లికను తాండూరు బడిలో వదిలి జంగమ్మ ఇంటికి పోదు.

ఆ మాట వికారాబాద్ దవాఖానలో విన్నది. రైలు పట్టాల పక్కన దొరికిన ఆడమనిషి శవానికి ముఖం ఆనవాలు లేదు. జంగమ్మ రక్తం తీసుకున్నారు. కలిస్తే నీ బిడ్డే, కలవకుంటే కాదు అన్నారు.

అప్పుడే చెప్పబోయింది. పక్కన మల్లిక ఉంది.

"అరటిపండుకు గూడ ఉంటదా, టీచరమ్మా?"

"పానమున్న దేనికైనా ఉంటది అవ్వా."

"అమ్మమ్మది అమ్మల ఉంటది, అమ్మది నాల ఉంటది. గంతే గద టీచర్?" అంది మల్లిక.

జంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిల్లలు దక్కని ఇంట్లో, పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పెట్టి తీసి, పెంటమ్మ అని పిలుస్తారు. ఊరంతా అదే అనుకుంది. పెనిమిటి కూడా అదే అనుకుంటూ కన్నుమూశాడు.

పుట్టింట్లో జంగమ్మ కడుపున పుట్టింది ఏడవనేలేదు. పెంటకుప్ప మీద ఏడుస్తూ దొరికింది వేరే పిల్ల. ఆ సంగతి తెలిసిన మంత్రసాని కూడా ఇప్పుడు లేదు.

ఫోన్ మోగింది. ఫోన్‌లో మాట సరిగా వినబడదని ఎప్పుడూ స్పీకర్‌లోనే పెడుతుంది. పోలీసాయన.

"అమ్మా, కలువలే. ఆమె నీ బిడ్డ కాదు. ఇగ ఫికర్ జెయ్యకు."

"అమ్మ కాదంట! మా అమ్మ ఉంది!" మల్లిక అరిచింది.

తరగతంతా చప్పట్లు. టీచర్ కళ్లు తుడుచుకుంది.

జంగమ్మ స్పీకర్ ఆపి, ఫోన్‌ను చెవికి అదుముకుని వరండా చివరికి నడిచింది.

"సారూ, మీ కాళ్లు మొక్కుత. ఆమెను మట్టి జెయ్యకున్రి. జర ఉంచున్రి."

"నీ బిడ్డ కాదంటుంటే ఇనవేందమ్మా?"

"ఇంకొకల రక్తం తెస్త."

"ఎవలది?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది.

మల్లిక మిగిలిన అరటిపండును సగానికి విరిచింది. ఒక సగం నోట్లో పెట్టుకుంది. రెండో సగం టిఫిన్ డబ్బాలో పెట్టి, మూత గట్టిగా నొక్కింది.

"గిది అమ్మకు."