దత్తాత్రి నక్షలకు గిరాకీ

"మరి తలుపేది?" అని అడిగాడు నర్సింహరావు.

దత్తాత్రి తన నక్ష మీదికి వంగి వెతికాడు. అతను గీసిన దవాఖానకు వరసగా కిటికీలున్నాయి, ముందు గుండ్రటి మెట్లున్నాయి, నెత్తిన గడియారం కూడా ఉంది. తలుపు మాత్రం లేదు.

"గీసుడు మర్చిపోయిన బాపూ."

"మరి రోగిని కిటికీలకెల్లి లోపటికి ఏస్తరా?"

దత్తాత్రి బొంబాయిలో భవనాలు గీసే చదువు చదువుతూ సెలవులకు సిద్దిపేట వచ్చాడు. ఇంతవరకు అతను గీసిన ఇళ్లలో ఎవరూ కాపురం పెట్టలేదు, గీసిన బడిలో ఎవరికీ అక్షరం ముక్క రాలేదు. కిందటేడు రైలే లేని సిద్దిపేటకు రైలు స్టేషను గీసి గురువుల చేత చీవాట్లు తిన్నాడు. అప్పుడప్పుడు అద్దంలో చూసుకుని, "నువ్వు కట్టేవి నిలబడతాయో లేదో గానీ, నువ్వు మాత్రం భలే నిలబడ్డావురా" అని తనను తానే వెక్కిరించుకునేవాడు.

నర్సింహరావుకు ఆ సరదా లేదు. ఆయన ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ. కొడుకు కూడా పట్వారీ అయితే చాలనుకునే మనిషి.

"ఇగో, ఆఖరు మాట జెప్తున్న," అన్నాడు. "ఈ సెలవులల్ల ఊర్లె ఒక్కడన్న వచ్చి నీ నక్ష గావాలె అంటే మళ్ల బొంబాయికి తోల్త. లేకుంటే నా ఎంబడి పట్వారీగిరి నేర్సుకో."

గట్ల తగాదాల మధ్య పొలాలు కొలిచే గొలుసు పట్టుకుని తిరగడం తలుచుకుంటేనే దత్తాత్రికి జ్వరం వచ్చేది. పోనీ నక్ష అడిగేవాడు దొరుకుతాడా అంటే, అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు, చక్కెర, బట్ట, ఏది కావాలన్నా కార్డు పట్టుకుని నిలబడాలి. ఇల్లు కట్టే ఆలోచన ఎవరికుంటుంది?

అయినా ధైర్యం చేసి ధాన్యం వ్యాపారి రాజమల్లయ్య దగ్గరికి వెళ్లాడు. కూతురు పురిటికి వచ్చి ఉంది, ఇల్లు ఇరుకని ఆయన రోజూ గొణుగుతున్నాడు. దత్తాత్రి కాగితాల మీద గీసినవన్నీ ముందు పెట్టాడు. రాజమల్లయ్య ఆవలించాడు. ఇక లాభం లేదని దత్తాత్రి బొంబాయి నుంచి తెచ్చిన నక్షగుడ్డ విప్పి పరిచాడు. గంజి పట్టించి కాగితంలా పెళపెళలాడే ఆ నున్నటి గుడ్డ మీద నల్ల సిరాతో గీసిన మేడ మెరిసిపోతోంది. రాజమల్లయ్య భార్య సుమిత్రమ్మ లోపలి నుంచి వచ్చి, అంచు పట్టుకుని తనివితీరా చూసింది.

"మస్తుగున్నది బిడ్డా. మాకు గిసొంటిదే ఒకటి గీసియ్యి."

దత్తాత్రి వెంటనే పెన్సిలు తీసి, "వాకిలి ఎటు దిక్కుండాలె అమ్మా? వంటిల్లు ఏ మూలకు?" అన్నాడు.

"నీ ఇష్టం. జర పెద్దగ గియ్యి, సన్నయి నా కండ్లకు ఆనయి. రాతలు ఎక్కువ రాయకు. నాకేమన్న సదువొచ్చునా?"

వాకిలి దిక్కు గురించి వాదించకుండా ఇల్లు ఒప్పుకున్న మనిషి ఆ ఊళ్లో అంతవరకు పుట్టలేదు. ఇదంతా తన ప్రతిభేనని దత్తాత్రి పొంగిపోయాడు. పాత గుడ్డ ముక్కల జోలికి పోకుండా కొత్తది కోసి, పెద్ద మేడ గీసిచ్చాడు. గదుల పేర్లు, దారుల పేర్లు రాయకపోతే చదువుకే అవమానమని మూలల్లో చిన్నగా రాశాడు.

వారం తిరక్కుండా నక్షలడిగే జనంతో దత్తాత్రి ఇంటి అరుగు నిండింది. ప్రార్థనలు చేయించే యోబు వచ్చి తమ చర్చి గుడికి నక్ష అడిగాడు.

"నడుమ ఖాళీ ఇడువు చిన్న పంతులూ. జనం కూసుంటరు."

కూలికి పోయే కిష్టవ్వ తనకూ ఒక బంగ్లా కావాలంది.

"నీకు జాగ ఏడుంది కిష్టవ్వా?"

"జాగ ఎన్కసిరి సూద్దాం. ముందుగాల నక్ష అయితే గియ్యి అయ్యా."

దత్తాత్రి కళ్లు చెమర్చాయి. గుడిసెలో ఉన్న మనిషికి బంగ్లా కల కనే ధైర్యం తన గీతలే ఇచ్చాయనుకున్నాడు. రాత్రంతా కూర్చుని ఆమెకు పై అంతస్తు కూడా కలిపాడు. తెచ్చిన నక్షగుడ్డంతా అయిపోయేదాకా గీస్తూనే ఉన్నాడు.

నర్సింహరావు అరుగు మీది జనాన్ని చూసి చూసి ఒకరోజు కొడుకును పిలిచాడు.

"నాదే తప్పు రా. మనూరికి గింత అక్కెర పడ్డ చదువును నేను వద్దంటినే! బొంబాయికి పో. పూర్తిజేసి రా."

తండ్రి నోట ఆ మాట వింటానని దత్తాత్రి కలలో కూడా అనుకోలేదు. ఆనందం పట్టలేక ఆయన కాళ్లకు దండం పెట్టాడు.

బయల్దేరే రోజు బస్సు దగ్గరికి నక్షలు తీసుకున్నవాళ్లంతా సాగనంపడానికి వచ్చారు. యోబు ప్రార్థన చేశాడు. కిష్టవ్వ దారిలో తినమని సర్వపిండి తెచ్చింది. దత్తాత్రి ఉండబట్టలేక బస్సు మెట్టెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"నేను తిరిగొచ్చినంక మీ ఒక్కొక్కరి ఇంటికి నేనే ముగ్గు పోయిస్త!"

అందరూ చప్పట్లు కొట్టారు.

"వచ్చేటప్పుడు నక్షల సామాన్ జర ఎక్కువ తెచ్చుకో బిడ్డా," అని సుమిత్రమ్మ పురిట్లో పుట్టిన మనవణ్ని తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. "వీడికి కూడా నీ అంత సదువు రావాలె. దీవించు."

దత్తాత్రి గర్వంగా పసివాణ్ని అందుకుని భుజాన వేసుకున్నాడు.

వాడి అంగీ వెనక, ఎంత ఉతికినా పోని దత్తాత్రి చేతిరాతలో, 'పెరటి దారి' అని ఉంది.