ఒంటి బూటు పాప

“ఈ కుర్చీ ఖాళీయేనా అమ్మా?”

ఆమె తలెత్తి చూసింది. ముసలాయన. మాసిన కోటు, మెడలో తాడుకి వేలాడుతున్న భూతద్దం. గోళ్ళ సందుల్లో ఎర్ర రంగు.

హోటల్లో సగం బల్లలు ఖాళీగానే ఉన్నాయి. ఈయనకి ఈ బల్లే దొరికిందా అని ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

అసలే పొద్దుటి నుంచి మనసు బాగోలేదు. భర్తకి బుల్లి రైళ్ళ పిచ్చి. సెలవు దొరికిందని, ఆ షాపుల చుట్టూ తిరగడానికి ఈ ఊరు లాక్కొచ్చాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుని ఆమె కూడా వెంట వచ్చింది. ఎందుకొచ్చానా అని ఇప్పుడు బాధపడుతోంది.

పొద్దున రెండు షాపులు చూశారు. రెండింటిలోనూ బల్ల మీద బుల్లి స్టేషన్లున్నాయి. ఒకటి కొండల మధ్య, ఇంకొకటి సముద్రం పక్కన. కానీ రెండిట్లోనూ ప్లాట్‌ఫారం చివర ఒకే పాప బొమ్మ. పచ్చ గౌను. ఒక కాలికి ఎర్ర బూటు, రెండో కాలు ఉత్తది. ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తి ఉంది. పక్కన మాత్రం ఎవరూ లేరు.

“ఒకే కంపెనీ బొమ్మలై ఉంటాయిలే,” అన్నాడు భర్త ఇందాకే, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

ఏ కంపెనీ వాళ్ళు ఒంటి బూటుతో పాపని చేస్తారు?

ఆమెకి ఆరేళ్ళప్పుడు, రైలు దిగే తోపులాటలో ఎర్ర బూటొకటి ఊడి బోగీలోనే ఉండిపోయింది. ఆ రోజు వేసుకున్నదీ పచ్చ గౌనే. “ఇక్కడే ఉండు తల్లీ, తెచ్చేస్తా,” అని నాన్న మళ్ళీ ఎక్కాడు. రైలు కదిలింది. నాన్న ఇక రాలేదు.

బూటు వంకతో పెళ్ళాం పిల్లని వదిలించుకున్నాడని చుట్టాలన్నారు. అమ్మ ఏడ్చి ఏడ్చి చివరికి నమ్మింది. ఆమె కూడా నమ్మింది. కానీ ఎక్కడ రైలు కూత వినబడినా లోపల అదే ప్రశ్న. నాన్న పారిపోయాడా, రాలేకపోయాడా?

ముసలాయన జవాబు కోసం ఆగకుండా కూర్చోనే కూర్చున్నాడు. బల్ల కిందకి వంగి ఆమె కాళ్ళకేసి చూశాడు.

ఆమె చటుక్కున కాళ్ళు వెనక్కి తీసుకుంది. నోటికొచ్చిన అబద్ధం ఆడేసింది.

“ఖాళీ లేదండీ. మా నాన్న వస్తున్నాడు. అది ఆయన కుర్చీ.”

ముసలాయన మొహం వెలిగింది.

“ఎంతసేపైందమ్మా, ఎదురుచూడబట్టి?”

“చాలాసేపైంది.”

“కోపంగా ఉందా?”

ఈయనకెందుకు ఈ గోల? “ఉండదా మరి?”

“ఉంటుంది తల్లీ, ఎందుకుండదు. ఆలస్యమైంది గానీ, మర్చిపోలేదు.”

ఆయన ఆమె సాసర్లో ఏదో పెట్టి, మెల్లిగా లేచి, తలుపు వైపు నడిచాడు. ఆ తలుపు తెరిస్తే గంట మోగాలి. మోగలేదు. ఆమె తిరిగి చూసేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

భర్త వచ్చాడు.

“ఇదేంటి, సాసర్లో టమాటా తొక్క?” గోటితో ఎగరగొట్టాడు. నువ్వుగింజంత ఎర్రటిదేదో బల్ల కిందకి పోయింది.

మూడో షాపు హోటల్‌కి ఎదురుగానే ఉంది. అందులోది పెద్ద పట్నం స్టేషను. ప్లాట్‌ఫారాల నిండా జనం. ఆ జనంలో మళ్ళీ అదే పాప.

ఈసారి ఆమె ఉండబట్టలేకపోయింది.

“ఈ పాప ఎవరండీ?”

“అదా?” షాపావిడ నవ్వింది. “ఈ ఊరి షాపులన్నిటికీ మనుషుల బొమ్మలు చేసింది బొమ్మల తాతేనమ్మా. ఏ స్టేషన్‌కి చేసినా, అడక్కుండానే ఈ పాపని తెచ్చి నిలబెట్టేవాడు. తీస్తే ఊరుకునేవాడు కాదు.”

“ఎందుకు?”

“ఎప్పుడో కదిలే రైల్లోంచి దూకాడట. తలకి దెబ్బ తగిలి పేరూ ఊరూ అన్నీ మర్చిపోయాడు. ఈ పిల్లొక్కతే గుర్తుంది. ఏ స్టేషన్లో వదిలొచ్చాడో తెలీదు. అందుకే అన్ని స్టేషన్లలోనూ నిలబెట్టాడు.”

ఆమె బల్ల అంచు పట్టుకుంది.

“రెండో బూటు?”

“అదీ చేశాడు. కానీ అతికించడే! ఆ పిల్ల చేతికే ఇస్తానని జేబులో వేసుకు తిరిగేవాడు. పొద్దస్తమానం ఆ ఎదుటి హోటల్లో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకేసి చూస్తుండేవాడు, పిచ్చి తాత.”

“చూస్తుండేవాడు అంటారేంటండీ? ఇందాకేగా...”

“ఇందాకేంటమ్మా! మొన్న చలికాలంలోనే పోయాడు. జేబులన్నీ మేమే వెతికాం, పాపకి పెడదామని. ఆ బూటు మాత్రం దొరకలేదు.”

ఆమె పరుగెత్తింది. రోడ్డు ఎలా దాటిందో ఆమెకే తెలీదు. వెనక భర్త పిలుస్తూనే ఉన్నాడు.

హోటల్లో అప్పుడే నేల ఊడ్చి, తడిగుడ్డ పెట్టారు. ఆమె మోకాళ్ళ మీద కూలబడి, బల్ల కింద తడి నేలంతా వేళ్ళతో తడిమింది. ఏమీ తగల్లేదు.

“ఏం పోయింది? చెబితేగా నేనూ వెతికేది!” అన్నాడు భర్త, పక్కనే వంగి.

ఆమె తలెత్తి చూసింది. ఎదురుగా ఆ కుర్చీ ఇంకా కాస్త వెనక్కి జరిగే ఉంది.

నాన్న కోసమని చెప్పి ఆమె ఖాళీ చేయించిన ఆ కుర్చీలో, అందాకా కూర్చున్నది నాన్నే.