ఏరు ఆగిన రాత్రి

యాంగ్జీకి అర్ధరాత్రి మెలకువ వచ్చింది. ఏటి హోరు లేదు. పైన హిమానీనదం కరిగి, ఈ ఏరు పుట్టే సరస్సు ఏటేటా పెరుగుతుంటే, ఆ హోరు ఒక్క రాత్రి కూడా ఆగలేదు.

బయటికొచ్చి చూస్తే జడలబర్రెలన్నీ తాళ్లు తెంపుకుని కొండెక్కేశాయి. కింద, నీళ్లు లేక ఆగిపోయిన పిండిమర దగ్గర, భర్త ఫుర్బా టార్చి పట్టుకుని ఏట్లోకి దిగుతున్నాడు.

"ఏరు ఎండిపోయిందే! కాళ్లు తడవకుండా అవతలికి పోవచ్చు, చూడు!" అతని నవ్వు లోయంతా వినిపించింది.

"పైన మంచు విరిగి అడ్డం పడిందయ్యా! అది తెగితే సరస్సంతా మీదికొస్తుంది, పరిగెత్తు!"

ఏటి నడుమ టార్చి ఆగింది. మెల్లగా ఎగువకు తిరిగింది. యాంగ్జీ కాళ్ల కింద నేల సన్నగా వణికింది.

ఆమె లోపలికి ఉరికి, నడవలేని అత్తను వీపున వేసుకుని కొండెక్కసాగింది.

"వాడొస్తున్నాడా అమ్మాయ్?" అడిగింది ముసలామె.

"వస్తున్నాడత్తా," అంది యాంగ్జీ, వెనక్కి తిరగకుండా.