గోడకు తిప్పిన బొమ్మలు

“ఆ బొమ్మ దించు పాపా.”

సంజీవప్ప గొంతు తగ్గించి మాట్లాడే మనిషి కాడు. హిందూపురం కల్యాణ మండపంలో ఆర్ట్ ఫెయిర్ చూడ్డానికొచ్చిన జనంలో సగం మంది ఇటు తిరిగారు. యమునకు తల కొట్టేసినట్టయింది.

“ఎందుకు నాయనా?”

“దించమంటాండా కదా! ముందు దించు.”

ధర్మవరంలో పట్టుచీరల అంగడి వదిలి ఆయన కూతురి బొమ్మలు చూడ్డానికి రావడం ఇదే మొదలు. మండపం ముందు ఆటో దిగుతున్న తండ్రిని చూసి యమున ఎంత సంబరపడిందో! ఆయన నోటివెంట ‘బాగుండాది’ అన్న ఒక్క మాట వస్తే చాలనుకుంది. పెద్ద కాన్వాసు ముందు ఆయన చాలాసేపు నిలబడ్డాడు కూడా. వంగపండు రంగు మీద విరిగిన పసుపు గీతలు, వాటికి అడ్డంగా ఒక ఎర్రటి చార. పొద్దుట్నుంచి వచ్చినవాళ్లంతా “ఇదేంది?” అని అడిగినవాళ్లే. ఆయన అడగలేదు. యమునకు ఆశ పుట్టింది. అంతలో జనం వచ్చారు, ఫోన్లు తీశారు. ఆయన మొహం మారిపోయింది.

పక్క స్టాలులో పెనుకొండ పెయింటరు ఆదిత్య కల్పించుకున్నాడు. “ఇది అబ్‌స్ట్రాక్ట్ పెద్దాయనా. దీంట్లో చెట్టో మనిషో కనపడల్లని లేదు. కొంచేపు చూస్తా ఉండండి, మీకే నచ్చుతాది.”

“నువ్వుండప్పా!” అని సంజీవప్ప భుజం మీది తువ్వాలు తీసి బొమ్మ మీద కప్పేశాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

యమునకు ఇల్లు గుర్తొచ్చింది. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, ఈయన హాల్లో ఉన్న ఆమె బొమ్మలన్నీ గోడకు తిప్పి పెట్టేవాడు. వాళ్లు వెళ్లాక ఆమే మళ్లీ ఇటు తిప్పుకునేది. ఎన్నిసార్లు ఏడ్చిందో! ఇంట్లో దాచింది చాలక ఇప్పుడు నలుగురిలో పరువు తీస్తున్నాడు.

తువ్వాలు లాగి ఆయన చేతిలో పెట్టింది.

“దించను నాయనా. నా బొమ్మలంటే నీకంత నామోషీ అయితే బస్సెక్కి పో. నేను మాత్రం ఈ పని ఇడిసిపెట్టను.”

సంజీవప్ప బిత్తరపోయాడు. “నామోషీనా? ఎవురన్నారు?”

“ఒకరు అనల్లా? నువ్వు కప్పేస్తాంటే కనపడ్లేదా?”

ఆయన ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. వచ్చినప్పట్నుంచి మొదటిసారి గొంతు తగ్గించాడు.

“ఆ చారల చొక్కా ఏసుకున్నాయప్ప ఫోన్లో పోటో తీస్తాండాడే, ఎవురనుకున్నావు? మన ఎదురంగడి రామన్న అల్లుడు. వారం తిరక్కుండా ఇది వాళ్ల మగ్గం మీదుంటాది. వంగపండు రంగుకు ఆ ఎర్రచార... అట్లాంటి కొంగు నా జన్మలో చూళ్లేదు పాపా! మగ్గం మీద కొత్త డిజైనుండంగా పరాయి యాపారి ఇంట్లోకొస్తే గుడ్డ కప్పమా?”

యమున కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మరి ఇంటికి ఎవురొచ్చినా నా బొమ్మలు గోడకు తిప్పి పెడ్తా ఉంటివి కదా, అదెందుకు?” అంది.

సంజీవప్ప ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

“మనింటికి వచ్చేదెవురు పాపా? అంతా చీరల యాపారస్తులే కదా!”