అత్తి ఆకుల మీద మచ్చలు

బోన్సాయ్ అత్తిచెట్టు ఆకుల మీద నల్లమచ్చలు చూసి వారం రోజులుగా ఆమె మందు కొడుతోంది. చనిపోయిన కొడుకు తన గదిలో ప్రాణంగా పెంచుకున్న చెట్టు అది.

"ఇక ఆ గది జోలికి పోవద్దు" అని వాడు పోయిన రోజే భర్త తలుపు వేసేశాడు. ఆ తర్వాత కొడుకు ఊసెత్తలేదు. ఈయనది మనసా, బండరాయా అనుకునేది ఆమె.

ఆ సాయంత్రం తెగించి, కుండీ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏదో తెగులు పట్టిందండీ. మందు కొట్టినా తగ్గట్లేదు."

ఆయన కసురుకోలేదు. చెట్టును మెల్లగా పైకి లాగాడు. మట్టి బురదలా జారింది. వేళ్లు నల్లబడి కంపు కొడుతున్నాయి.

"తెగులు కాదు. నీళ్లెక్కువై వేళ్లు కుళ్లాయి. ఇక బతకదు."

"ఎక్కువెక్కడ? మీకు తెలీకుండా, వాడు పోసినట్టే రోజూ ఒక్క గ్లాసేగా పోస్తున్నా!"

ఆయన చేతులు ఆగిపోయాయి.

"నువ్వు పోస్తున్నావా?"

ఆమె తలూపింది. ఆయన తలెత్తలేదు.

"నువ్వు ఆఫీసుకెళ్లాక నేనూ పోస్తున్నానే. ఆకులు రాలుతుంటే దాహమేమో అనుకుని, ఇంకాస్త పోశాను."